విల్లు: మీ ఇంటికి ఏ పద్ధతి సరిపోతుంది?

విల్లు నమూనా ఒకటి అచ్చు వేయమని చాలామంది అడుగుతున్నారు. నమూనా కన్నా ముందు ఒక సంగతి చూసుకోండి. అసలు విల్లే రాయకపోతే చట్ట ప్రకారం మీ ఆస్తి ఎవరికి వెళ్తుంది? అది తెలిస్తే మీరు రాయాల్సిన విల్లు ఎలాంటిదో సగం తేలిపోతుంది. కింది జవాబులు చదివేటప్పుడు ఈ ప్రశ్న గుర్తుంచుకోండి.

ప్రశ్న: నాకు 69 ఏళ్లు. కొత్తపేటలో 150 గజాల్లో కింద ఒకటి, పైన ఒకటి పోర్షన్లతో ఇల్లు నా జీతంతో కట్టుకున్నాను. భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు ఉన్నారు. నా తర్వాత ఇల్లు భార్యకు, ఆమె తర్వాత కొడుకులకు చెందాలి. అమ్మాయికి పెళ్లప్పుడే బంగారం పెట్టాం. మా ఇద్దరికీ కలిపి జాయింట్ విల్లు రాస్తానని దస్తావేజు లేఖరి అంటున్నారు. రాయించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, కొత్తపేట

జవాబు: జాయింట్ విల్లు వద్దు. ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం చేశాక ఒకరు ముందు వెళ్లిపోతే, మిగిలినవాళ్లు ఆ విల్లు మార్చుకోవచ్చా లేదా అన్నది కోర్టులో తేలాల్సిన తగాదా అవుతుంది. 'ఇద్దరం ఒప్పుకుని రాసుకున్నాం, ఇక మార్చం' అనే అర్థం వచ్చే మాట అందులో ఉంటే, ఆ విల్లు వల్ల లాభం పొందినవారి చేతులు కట్టేసినట్టే. మీ తర్వాత ఆమె పదిహేనేళ్లు బతకవచ్చు. ఈలోగా ఆమెను ఎవరు చూసుకుంటారో, ఎవరు చూసుకోరో ఈరోజు మీకు తెలియదు. ఇల్లు మీ పేరున ఉంది కాబట్టి దాని విల్లు మీరు రాయండి. ఆమె పేరున ఉన్న డిపాజిట్లు, బంగారానికి ఆమె వేరే విల్లు రాసుకోవాలి.

అసలు చిక్కు 'భార్యకు, ఆమె తర్వాత కొడుకులకు' అన్న మాటలో ఉంది. చాలా విల్లుల్లో 'నా తదనంతరం నా భార్యకు సర్వహక్కులతో చెందవలెను, ఆమె తదనంతరం నా కుమారులకు చెందవలెను' అని రాస్తారు. సర్వహక్కులూ ఒకసారి ఇచ్చేశాక రెండో మాటకు బలం ఉండదు. ఆమె ఇల్లు అమ్ముకోవచ్చు, ఇష్టమైనవారికి రాసివ్వచ్చు. మీ ఉద్దేశం అది కాకపోతే, 'జీవితకాలం నివసించి, అద్దె అనుభవించే హక్కు మాత్రమే. అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, దానం చేయడానికి హక్కు లేదు' అని విడమరిచి రాయాలి.

అలా రాసినా ఒక ప్రమాదం మిగులుతుంది. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌ను వివరిస్తూ 1977లో తులసమ్మ, శేషారెడ్డి కేసులో సుప్రీంకోర్టు కీలకమైన తీర్పు చెప్పింది. భర్త ఆస్తి నుంచి పోషణ పొందే హక్కు భార్యకు ముందే ఉంది కాబట్టి, దానికి బదులుగా ఇచ్చిన పరిమిత హక్కు సంపూర్ణ హక్కుగా మారుతుందన్నది దాని సారం. విల్లు ద్వారా ఇచ్చిన జీవితకాల హక్కుల మీద ఆ తర్వాత తీర్పులు రెండు విధాలుగానూ వచ్చాయి. జీవితకాల హక్కే ఇవ్వదలిస్తే, ఆమె పోషణకు ఫ్యామిలీ పెన్షనో, ఫిక్స్‌డ్ డిపాజిట్లో విడిగా ఏర్పాటు చేసి ఆ సంగతి విల్లులోనే రాయండి. కొడుకుల వాదనకు అది బలమిస్తుంది. పూర్తి రక్షణ అని మాత్రం అనుకోకండి.

మా సలహా అడిగితే, కింది పోర్షన్ భార్యకు పూర్తి హక్కులతో ఇవ్వండి. పై పోర్షన్ నేరుగా పిల్లలకు రాయండి. ముసలితనంలో ఆమె మందులకు డబ్బు కావాల్సి వస్తే కొడుకుల సంతకాల కోసం ఎదురుచూసే పరిస్థితి రాకూడదు. స్థలంలో ఎవరికెంత వాటా, మెట్లు, బోరు, డాబా ఎవరు వాడుకోవాలి అన్నవి కూడా అందులోనే ఉండాలి. అన్నదమ్ముల పోట్లాటలు ఎక్కువగా డాబా దగ్గరే మొదలవుతాయి. కొడుకుల్లో ఎవరైనా మీకన్నా ముందు పోతే అతని వాటా అతని పిల్లలకా, మిగిలినవారికా అన్నదీ రాయండి.

అమ్మాయి సంగతి. ఇల్లు మీ స్వార్జితం కాబట్టి ఆమెకు ఇవ్వకుండా రాసే హక్కు మీకుంది. కానీ పెళ్లికి పెట్టిన బంగారాన్ని చట్టం ఆస్తి వాటాగా లెక్కకట్టదు. ఇవ్వదలచుకోకపోతే ఆమె పేరు విల్లులో రాసి, ఎందుకివ్వలేదో ఒక వాక్యంలో కారణం చెప్పండి. పేరే లేకుండా వదిలేస్తే, తండ్రి మతి స్థిమితం లేనప్పుడు అన్నలు రాయించుకున్నారన్న వాదనకు అదే ఊతమవుతుంది. పిత్రార్జితం విషయం వేరు. మన ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి (అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు), దేశమంతటా 2005 సెప్టెంబరు 9 నుంచి కూతురు పుట్టుకతోనే హక్కుదారు. 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. పిత్రార్జితంలో మీ వాటా వరకే మీరు విల్లు రాయగలరు.

ఇక సంతకాలు. విల్లులు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. మీరు సంతకం చేస్తుంటే ప్రతి సాక్షీ చూడాలి, లేదా 'ఈ సంతకం నాదే' అని మీరు స్వయంగా అతనితో చెప్పాలి. ఆ తర్వాత అతను మీ ఎదుటే సంతకం చేయాలి. మీరు ఇవాళ సంతకం చేసి, కాగితాన్ని స్నేహితుడి ఇంటికి పంపి రేపు అతని చేత చేయిస్తే అది సాక్ష్యం కింద రాదు. విల్లును కోర్టులో రుజువు చేయాలంటే, సాక్షుల్లో ఒక్కరైనా బతికి ఉండి, దొరికే పరిస్థితి ఉంటే ఆయన వచ్చి చెప్పాల్సిందే. భారతీయ సాక్ష్య అధినియమ్ 67వ సెక్షన్ చెప్పేది అదే. అందుకని మీ ఈడువారిని కాక, మీకన్నా పదిహేను, ఇరవై ఏళ్లు చిన్నవారిని, ఊళ్లోనే స్థిరంగా ఉండేవారిని పెట్టుకోండి. ఒక సాక్షి మీ డాక్టరైతే మంచిది. ఆస్తి పొందేవారినీ, వారి భార్యనో భర్తనో సాక్షిగా పెట్టకండి. విల్లు రాయించే పనిలోనూ కొడుకులను ముందుకు రానివ్వకండి.

ప్రతి పేజీకీ నంబరు వేసి సంతకం పెట్టండి. చివరి పేజీ మీద సంతకాలు మాత్రమే ఉండకుండా, విల్లులోని ఒకటి రెండు పేరాలు కూడా ఆ పేజీ మీదికి వచ్చేలా టైప్ చేయించండి. ఉత్త సంతకాల పేజీ అయితే ముందున్న పేజీలు మార్చారన్న అనుమానం పుడుతుంది. కొట్టివేతలుంటే పక్కనే మీరూ, సాక్షులూ సంతకం చేయాలి. ఆస్తి వివరాలు రాసే షెడ్యూల్లో 'కొత్తపేట ఇల్లు' అని వదిలేయకుండా ఇంటి నంబరు, ప్లాటు, సర్వే నంబర్లు, నాలుగు హద్దులు, మీరు కొన్న దస్తావేజు నంబరు, సంవత్సరం రాయండి.

స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించమనే చెబుతాం. కాగితం పోయినా రికార్డు ఉంటుంది, మీరు బతికి ఉండగా దాని నకలు మీకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. మంచం మీద ఉన్నవారి కోసం అర్జీ పెడితే రిజిస్ట్రేషన్ అధికారి ఇంటికి వచ్చే వీలు కూడా చట్టంలో ఉంది. అయితే రిజిస్టరైన విల్లును కూడా తర్వాత తెల్ల కాగితం మీద సక్రమంగా రాసిన విల్లు రద్దు చేయగలదు. కొత్తది రాసినప్పుడల్లా పాతదాని నంబరు, తేదీ వేసి రద్దు చేస్తున్నట్టు రాయండి.

ప్రశ్న: భర్త పోయారు, పిల్లలు లేరు. సైనిక్‌పురిలో ఫ్లాటు నా సంపాదనతో కొన్నాను. చెల్లెలి కూతురికి ఇవ్వాలని ఉంది. ఈ సంగతి బంధువులకు ఇప్పుడే తెలియకూడదు.
— ఒక పాఠకురాలు

జవాబు: మీరు ఆలస్యం చేయకూడదు. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, పిల్లలు లేని వితంతువు విల్లు రాయకుండా పోతే ఆమె సొంత సంపాదన కూడా ముందు భర్త తరఫు వారసులకే వెళ్తుంది. ఆమె తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రమే తండ్రి తరఫు వారసులకు తిరిగి వెళ్తుంది. మీ ఫ్లాటు విషయంలో విల్లు లేకపోతే చెల్లెలి కూతురికి ఏ హక్కూ రాదు.

గోప్యత కోసం మీకు సీలు కవరు పద్ధతి సరిపోతుంది. ఇద్దరు సాక్షులతో విల్లు పూర్తిచేసి, కవరులో పెట్టి సీలు వేసి, పైన మీ పేరు, లోపలున్నది విల్లు అన్న సంగతి రాసి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచవచ్చు. సబ్‌రిజిస్ట్రార్ దగ్గర ఈ వీలు లేదు. మీ తర్వాత ఎవరైనా అర్జీ పెడితే కవరు తెరిచి, పుస్తకంలో నకలు ఎక్కిస్తారు. మీరే వెనక్కి తీసుకోవచ్చు కూడా. రెండు జాగ్రత్తలు. లోపల విల్లు సరిగ్గా ఉందా అని అక్కడ ఎవరూ చూడరు, తప్పుంటే మీ తర్వాతే బయటపడుతుంది. దాచిన సంగతి తెలిసినవారు ఒక్కరైనా లేకపోతే ఆ కవరు అక్కడే ఉండిపోతుంది. విల్లును అమలు చేసే ఎగ్జిక్యూటర్‌గా నమ్మకమైన వ్యక్తిని నియమించి, రసీదు నకలు ఆయనకివ్వండి.

ప్రశ్న: మా అబ్బాయికి 31 ఏళ్లు, మేధో వైకల్యం ఉంది. కూకట్‌పల్లి ఇల్లు అతని పేర రాస్తే చాలా? పెద్దమ్మాయి చూసుకుంటానంటోంది.
— తల్లిదండ్రులు

జవాబు: నేరుగా అతని పేర రాయకండి. అద్దె ఒప్పందం మీదా, బ్యాంకులోనూ అతను సంతకం చేయలేకపోతే ఆస్తి ఉండీ చేతికి రాదు. అమ్మాయి పేరే రాసి, తమ్ముణ్ని చూసుకోమని ఒక మాట చేర్చడం కూడా చాలదు. రేపు ఆమెకు అప్పులైనా, ఆమె కాలం తీరినా మీ అబ్బాయికి పట్టు దొరకదు. మీకు కావాల్సింది విల్లు ద్వారా ఏర్పడే ట్రస్టు. ఇల్లు, డిపాజిట్లు ట్రస్టీల చేతికి వెళ్తాయి, లబ్ధిదారు మీ అబ్బాయి. అమ్మాయితో పాటు బయటి వ్యక్తిని ఇంకొకరిని ట్రస్టీగా పెట్టండి. వారిలో ఒకరు లేకపోతే ఎవరు రావాలి, ఖర్చులు దేనికి పెట్టవచ్చు, ఇల్లు ఏ పరిస్థితుల్లో అమ్మవచ్చు, ఏటా లెక్కలు ఎవరికి చూపాలి, అబ్బాయి తర్వాత మిగిలింది ఎవరికి అన్నవన్నీ అందులో ఉండాలి.

18 నిండిన బిడ్డకు విల్లులో పేరు రాసినంత మాత్రాన ఎవరూ సంరక్షకులు కాలేరు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి అర్జీ పెట్టాలి. మీరిద్దరూ ఉండగానే ఈ పని మొదలుపెట్టండి. మీలో ఒకరు ప్రభుత్వ పెన్షనరైతే ఫ్యామిలీ పెన్షన్ కాగితాల్లో అబ్బాయి పేరు ఎక్కిందో లేదో చూసుకోండి. అతని మందులు, నిద్రవేళలు, దేనికి భయపడతాడు, ఏం పెడితే తింటాడు అన్నవి వేరే కాగితం మీద రాసి ట్రస్టీలకివ్వండి. దానికి చట్టబలం లేకపోయినా, మీరు లేని మొదటి రోజున అతనికి అదే అవసరం.

ప్రశ్న: మేము సున్నీ ముస్లింలం. భార్య, ఒక్కతే కూతురు. తల్లిదండ్రులు లేరు, అన్నదమ్ములున్నారు. అంతా భార్యకు, కూతురికి వీలునామా రాయవచ్చా?
— ఒక పాఠకుడు, టోలిచౌకి

జవాబు: రాసినా మీ అన్నదమ్ములు ఒప్పుకుంటేనే చెల్లుతుంది, అదీ మీ మరణం తర్వాత ఒప్పుకోవాలి. వారసులు కానివారికైతే అంత్యక్రియలు, అప్పులు పోను మిగిలినదాంట్లో మూడో వంతు వరకు రాయవచ్చు. వారసులకు రాస్తే మిగతా వారసుల సమ్మతి కావాలి. వీలునామా లేకపోతే కూతురికి సగం, భార్యకు ఎనిమిదో వంతు, మిగిలిన ఎనిమిదింట మూడు వంతులు అన్నదమ్ములకు వెళ్తాయి. మీకు పనికొచ్చేది హిబా, అంటే బతికుండగా ఇచ్చే దానం. ఇస్తున్నట్టు చెప్పడం, వారు స్వీకరించడం, స్వాధీనం అప్పగించడం మూడూ జరగాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేయండి. మరణ శయ్య మీద ఇచ్చిన హిబాకు వీలునామాకున్న పరిమితులే తగులుతాయి.

ప్రశ్న: బ్యాంకులో, డీమ్యాట్‌లో నామినీగా పెద్దబ్బాయి ఉన్నాడు. విల్లులో ముగ్గురు పిల్లలకూ సమానమని రాశాను. ఏది చెల్లుతుంది?
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: విల్లే. నామినీ డబ్బు తీసుకుని హక్కుదారులకు అప్పగించాల్సిన వ్యక్తి. షేర్ల విషయంలోనూ 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు అదే చెప్పింది. జీవిత బీమాకు 2015 సవరణ తర్వాత తేడా వచ్చింది. భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులను నామినీగా పెడితే ఆ సొమ్ము మామూలుగా వారికే దక్కుతుంది. కాబట్టి పాలసీలో కూడా ముగ్గురి పేర్లూ వాటాలతో పెట్టించండి. బ్యాంకులోనూ నామినీల పేర్లు విల్లుకు తగ్గట్టు మార్పించుకుంటే, పెద్దబ్బాయి దగ్గరి నుంచి మిగతా ఇద్దరూ వసూలు చేసుకోవాల్సిన పని ఉండదు.