పేరు కలిసినందుకు డబ్బు ఆగితే...

ప్రశ్న: మా ఆయన దుబాయ్‌లో ఏసీ మెకానిక్. నెలనెలా యాప్‌లో డబ్బు పంపుతారు. ఈసారి పంపి పదకొండు రోజులైనా ‘నేమ్ స్క్రీనింగ్ రివ్యూ’ అనే చూపిస్తోంది. పాప ఫీజు కట్టాలి, టెన్షన్‌గా ఉంది. యాప్ తీసేసి మళ్లీ వేసుకోమంటారా?
– ఒక పాఠకురాలు, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా

జవాబు: యాప్ తీసేయకండమ్మా, తప్పు మీది కాదు. ఐక్యరాజ్యసమితి, అమెరికా ఆంక్షల జాబితాల్లో (డబ్బు లావాదేవీలు జరపకూడదని నిషేధించినవాళ్ల పేర్ల పట్టీల్లో) ఉన్నవాళ్లకు డబ్బు చేరకుండా, పంపేవారి పేరునూ అందుకునేవారి పేరునూ సాఫ్ట్‌వేర్ ఆ జాబితాలతో పోల్చి చూస్తుంది. నేమ్ స్క్రీనింగ్ అంటే ఇదే. అరబ్బీ పేర్లను ఇంగ్లిష్‌లో రకరకాలుగా రాస్తారు కాబట్టి దగ్గరి స్పెల్లింగులనూ ఆపుతుంది. ఉదాహరణకు షేక్ అన్న పేరే తీసుకోండి: మన నెల్లూరులో అది ఇంటిపేరు, వీధికి పదిమంది ఉంటారు. పాస్‌పోర్టులో ‘షేక్’, బ్యాంకు పుస్తకంలో పొట్టిగా ‘ఎస్‌.కె.’ అని ఉంటే చిక్కు ఇంకా పెరుగుతుంది.

పాస్‌పోర్టు మొదటి పేజీ, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, మీ ఇద్దరి బంధుత్వం కస్టమర్ కేర్‌కు పంపి, ఫిర్యాదు నంబరు తీసుకోమనండి. స్పెల్లింగ్ మార్చి మాత్రం మళ్లీ పంపొద్దు, ఏదో దాస్తున్నారని అనుమానిస్తారు. డబ్బు ఇక్కడి బ్యాంకులో ఆగి ఉంటే బ్యాంకుకు రాసివ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ నంబరు 14448.

ఆంక్షలు వద్దని నేననను. కానీ ఆపినవాళ్లు కారణం చెప్పాలి, మన మాట వినాలి. సౌదీ వ్యాపారి యాసిన్ కాదీని 2001లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఆంక్షల జాబితాలో చేర్చి, ఆధారాలేమిటో చెప్పకుండానే ఆయన ఆస్తులను స్తంభింపజేశారు. భద్రతామండలి తీర్మానం అమలు కోసమే అయినా, వాదన చెప్పుకునే హక్కును తీసేయడం కుదరదని 2008 సెప్టెంబరు 3న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తీర్పిచ్చింది. మరుసటి ఏడాది భద్రతామండలి అల్‌ఖైదా జాబితా మీద విన్నపాలు పరిశీలించడానికి అంబుడ్స్‌పర్సన్‌ను పెట్టింది. 2012లో కాదీ పేరు జాబితాలోంచి తీసేశారు. జాబితాకెక్కిన మనిషికే ఆ హక్కు ఉన్నప్పుడు, పేరు కలిసిన పాపానికి జీతం ఆగిపోయిన మెకానిక్‌కు ఉండదా? గట్టిగా అడగండి.

ప్రశ్న: ఇరాన్ మిత్రుడితో కలిసి గిట్‌హబ్‌లో (ప్రోగ్రాం కోడ్ దాచుకుని, పంచుకునే అమెరికా వెబ్‌సైట్) ప్రాజెక్టు చేస్తున్నాను. ఇబ్బందేమైనా ఉంటుందా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: అమెరికా ఆంక్షల వల్ల 2019 జులైలో ఇరాన్‌లోని చాలామంది తమ ప్రైవేటు కోడ్‌ను తామే తెరవలేకపోయారు. 2021 జనవరిలో అమెరికా ప్రభుత్వ లైసెన్సుతో గిట్‌హబ్ వాళ్లకు మళ్లీ దారి తెరిచింది. ఒకసారి జరిగింది కాబట్టి ఇద్దరూ పూర్తి కాపీ సొంత కంప్యూటర్‌లో ఉంచుకోండి. డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం వేరే సంగతి, బ్యాంకును అడగకుండా పైసా పంపొద్దు.