మూత్రంలో మంటకు నెలల తరబడి సిరప్ తాగుతున్నారా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. మాది పలాస దగ్గర పల్లె, జీడితోట పని. మూడు నెలలుగా మూత్రానికి వెళ్తే మంట. మెడికల్ షాపులో ఇచ్చిన సిరప్ రోజుకు మూడుసార్లు రెండేసి చెంచాలు తాగితే తగ్గుతుంది, ఆపితే మళ్లీ మొదలు. సీసా మీద డైసోడియం హైడ్రోజన్ సిట్రేట్ అని ఉంది, ఓఆర్ఎస్ ప్యాకెట్ మీదా సిట్రేట్ అనే ఉంది. రెండూ ఒకటేనా? రోజూ తాగొచ్చా? బీపీ మందు వాడుతున్నాను, నడుం నొప్పికి రాత్రిపూట ఒక బిళ్ల వేసుకుంటాను.

జవాబు: సిరప్ సంగతి తర్వాత, ముందు ఆ నొప్పి బిళ్ల ఆపండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసెక్లోఫెనాక్ లాంటివైతే అవి కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి, ఎండలో చెమటోడ్చి నీళ్లు సరిగా తాగనివాళ్లకు, బీపీ ఉన్నవాళ్లకు ఆ ముప్పు మరీ ఎక్కువ. పైగా మీరుండేది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు నుంచి వచ్చే చాలామందికి కాళ్లు వాచేదాకా ఏమీ తెలియదు, అప్పటికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడపోసి బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగిపోయి ఉంటుంది.

ఇక సిట్రేట్. రెండూ ఒక కుటుంబానివే కానీ పని వేరు. ఓఆర్ఎస్‌లో లీటరు నీటికి 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ ఉంటుంది, విరేచనాలప్పుడు ఒంట్లో పెరిగే ఆమ్లాన్ని సరిచేయడానికి. మీ సిరప్‌లోని సిట్రేట్ ఒంట్లో బైకార్బొనేట్‌గా మారి మూత్రంలో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, అందుకే మంట చల్లారినట్టు ఉంటుంది. ఇన్ఫెక్షన్ ఉంటే అది మాత్రం పోదు, రాయి ఉంటే రాయీ అక్కడే ఉంటుంది. నైట్రోఫ్యూరాంటాయిన్ లాంటి యాంటీబయాటిక్ మొదలుపెడితే ఈ సిరప్ దాని బలాన్ని తగ్గిస్తుంది కూడా.

రోజూ తాగొచ్చా అంటే, వద్దు. మీరు తాగే మోతాదులో రోజుకు మూడు గ్రాముల పైచిలుకు ఉప్పులో ఉన్నంత సోడియం లోపలికి పోతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజంతటికీ అయిదు గ్రాముల లోపు ఉప్పు. ఇంట్లో కూర చప్పగా తింటూ ఇక్కడ సీసాలు ఖాళీ చేస్తే బీపీ మందు ఏం పనిచేస్తుంది చెప్పండి? రాళ్లకని పక్కింటివాళ్లకు రాసిన పొటాషియం సిట్రేట్ అయితే అసలు ముట్టుకోవద్దు. కిడ్నీ బాగోలేనప్పుడు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందుతో కలిసినప్పుడు రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది.

మూడు నెలలు షాపు మందుతో నెట్టుకొచ్చారు, అదే నాకు బాధ. మగవాళ్లలో ఇన్నాళ్ల మంటను మామూలు వేడి అనుకోకూడదు. ఈ వారంలోనే క్రియాటినిన్, షుగర్, మూత్రంలో అల్బుమిన్ (ప్రొటీన్), యాంటీబయాటిక్ ఏదీ వేసుకోకముందే మూత్రం కల్చర్ (ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్ష), వీలైతే కడుపు స్కానింగ్ చేయించండి. క్రియాటినిన్ మామూలుగా ఉన్నా అల్బుమిన్ పరీక్ష వదలొద్దు, మొదట్లో తేడా అక్కడే కనిపిస్తుంది. మిమ్మల్ని చూడకుండా ఇంతకంటే చెప్పలేను, మందు మీ డాక్టరే రాయాలి. వెళ్లేటప్పుడు సిరప్ సీసా, నొప్పి బిళ్ల అట్ట, బీపీ మందు మూడూ పట్టుకెళ్లండి. ఈలోగా చలిజ్వరం, వాంతులు, నడుం పక్కన పోటు వచ్చినా, మూత్రంలో రక్తం పడినా, మూత్రం బాగా తగ్గినా పరీక్షల కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.