ఆ బూట్ల సంగతి

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి మధ్యలో వదిలేసి టీ పెట్టుకున్నాను, ఏమీ అనుకోకు. సైన్యం నుంచి ఇంటికొచ్చిన నాన్న గురించి పన్నెండు పేజీలు రాశావు. ‘గాయం’ అన్న మాట ఎన్నిసార్లు వాడావో నువ్వే లెక్కపెట్టుకో. రెండోసారి మాత్రం ఏడో పేజీలో ఆగిపోయాను. ఎక్కడికీ వెళ్లే పని లేకపోయినా ఆయన రోజూ నాలుగింటికే లేచి బూట్లు పాలిష్ చేసుకుంటాడని ఒక్క వాక్యం రాసి, గబగబా ముందుకెళ్లిపోయావు.

అమెరికన్ రచయిత హెమింగ్వే కథ ‘బిగ్ టూ-హార్టెడ్ రివర్’ చదువు. అతను మొదటి ప్రపంచయుద్ధంలో రెడ్‌క్రాస్ తరఫున ఇటలీ వెళ్లాడు. 1918 జులై 8న, పియావే నది దగ్గర సైనికులకు చాక్లెట్లు, సిగరెట్లు పంచుతుంటే మోర్టార్ గుండు పడి కాళ్లు తూట్లు పడ్డాయి. అప్పటికి పంతొమ్మిదేళ్లు కూడా నిండలేదు. 1925లో అచ్చయిన ఈ కథలో యుద్ధం అన్న మాటే ఉండదు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన నిక్ అనే కుర్రాడు ఒంటరిగా చేపలు పట్టడానికి వెళ్తాడు, అంతే. రైలు దిగిన ఊరు కాలి బూడిదై ఉంటుంది. అక్కడి మిడతలు మసి పట్టి నల్లబడిపోయి ఉంటాయి. వంతెన మీంచి చూస్తే, ప్రవాహానికి ఎదురుగా ట్రౌట్ చేపలు కదలకుండా నిలబడి ఉంటాయి. తర్వాత డేరా వేస్తాడు, డబ్బాలోని చిక్కుడుగింజలు, స్పాగెట్టి కలిపి వేడి చేస్తాడు, నాలుక కాలుతుందని ఓపిక పట్టి కూర్చుంటాడు. ఆ ఓపిక పట్టడం దగ్గరే నాకు వాడి భయం అర్థమైంది. చివర్లో నిక్ ఆలోచనలు పేజీలకు పేజీలు రాసి, వాటిని తనే కొట్టేశాడు హెమింగ్వే.

(మనిషిగా అతని డాబు నాకు నచ్చదు. యుద్ధం కబుర్లు పెంచి చెప్పుకునేవాడు. అది వేరే సంగతి.)

అలాగని అన్నీ దాచేస్తే సరిపోదు. తెలిసినదాన్ని వదిలేస్తే కథకు బలం, తెలియనిదాన్ని వదిలేస్తే బొక్క. ఈ మాట కూడా అతను చెప్పిందే, నా సొంతం కాదు. నీ సరిహద్దు సీను సినిమాలు చూసి రాసిందని ఇట్టే తెలిసిపోతోంది. తీసెయ్.

పాలిష్ డబ్బా ఎక్కడ పెడతారు? బ్రష్ చప్పుడుకి మీ అమ్మ లేస్తుందా, లేచినా కళ్లు మూసుకుని పడుకుంటుందా? తుడిచాక ఆయన వాటిని వేసుకుంటాడా, మళ్లీ అటక మీద పెట్టేస్తాడా? ముందు ఆ బూట్ల గురించి రెండు పేజీలు రాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.