బుజ్జికి, బండి కట్టే ముందు

తార్నాక, హైదరాబాద్

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. శామీర్‌పేట తోటలో మూడు హస్కీ కుక్కపిల్లల్ని జట్టుగా బండికి కడతానన్నావట, మీ అమ్మ చెప్పింది. అలాస్కాలో నేను చేసిన కుక్కల బండి పని మన ఇంట్లో ఇంకొకరికి నచ్చిందని పొంగిపోయాను. ఆ వెంటనే మన ఎండలు గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది.

హార్నెస్, అంటే బండి లాగేందుకు కుక్క ఒంటికి తొడిగే పట్టీలు, ఎక్కడా ఒరుసుకోకూడదు. జీ అంటే కుడి, హా అంటే ఎడమ, నడిపిస్తూనే నేర్పు. ఏడాదిన్నర నిండేదాకా బరువు లాగించకు, ఎముకలు ఇంకా ఎదుగుతుంటాయి.

ఒక్క సంగతి మాత్రం వివరంగా రాయాలి. ఫెయిర్‌బ్యాంక్స్‌లో నాతో పనిచేసిన కుర్రాడొకడు 8 నెలల కుక్కపిల్లను పెద్ద కుక్కల మధ్య కట్టి, వాటి వేగంతోనే తోలాడు. అలిసిపోయానని కుక్కపిల్ల చెప్పదు తల్లీ, పక్కది పరిగెడుతుంటే అదీ పరిగెడుతుంది. కాసేపటికి దాన్ని బండికి కలిపే వెనక తాడు వదులైంది, మెడ తాడు బిగిసింది. అంటే అది లాగడం లేదు, మిగతావి దాన్ని ఈడ్చుకెళ్తున్నాయి. వాడు దారి చూస్తున్నాడే గాని తాళ్లు చూడలేదు. మర్నాడు హార్నెస్ తీసుకెళ్తే ఆ పిల్ల గూట్లోకి దూరి, గోడవైపు మొహం పెట్టుకుని పడుకుంది. చేప ముక్క చూపించినా రాలేదు. ఒక ముసలి కుక్క పక్కన కట్టి, ఇంకా వెళ్దామని గోల చేస్తుండగానే ఆపేస్తూ వచ్చాం. మళ్లీ తాడు బిగించి లాగడానికి దానికి చలికాలమంతా పట్టింది.

అక్కడి చలిలో కాబట్టి దాని మనసే విరిగింది. ఇక్కడైతే ప్రాణమే పోయేది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి చల్లబడాల్సిందే. 10 డిగ్రీలు దాటితే అక్కడ చాలామంది పరుగు తగ్గించేస్తారు. నువ్వు డిసెంబర్, జనవరిల్లో, అదీ బాగా చలిగా ఉన్న తెల్లవారుజామున తప్ప లాగుడు మాటే ఎత్తకు. మట్టి దారిలో, కొద్ది నిమిషాలు చాలు. మిగతా ఏడాదంతా వరసలో కదలకుండా నిలబడటం నేర్పు. జట్టు పనిలో సగం అదే.

లీడర్ కోసం, అంటే జట్టుకు ముందు నడిచే కుక్క కోసం, తొందరపడకు. 1925లో అలాస్కాలోని నోమ్ ఊరికి కుక్కల జట్లు డిఫ్తీరియా మందు చేర్చినప్పుడు అన్నిటికంటే ఎక్కువ దూరం వెళ్లిన జట్టుకు ముందు నడిచింది టోగో అనే కుక్క. అప్పటికి దానికి సుమారు 12 ఏళ్లు.

కోప్పడ్డాననుకోకు. చిన్నప్పుడు మా వీధి కుక్కలన్నీ నీ వెనకే తిరిగేవి, వాటి మనసు నీకు తెలుసు. అన్నట్టు, బండికి బ్రేకు పెట్టించావా? లేకపోతే ఆదివారం నేనొచ్చి చూసేదాకా పిల్లల్ని కట్టొద్దు.

మీ పెదనాన్న