శుభలేఖలో లేని పేరు

ప్రశ్న: కులాంతర వివాహం చేసుకున్నానని తొమ్మిదేళ్లుగా పుట్టింటివారు నన్ను గడప తొక్కనివ్వడం లేదు. వారూ చర్చికి వెళ్లేవారే. ఈమధ్య చెల్లెలి పెళ్లి జరిగిందని ఒక బంధువు వాట్సాప్ స్టేటస్ చూసి తెలుసుకున్నాను. శుభలేఖలో అన్నయ్య, వదిన, వారి రెండేళ్ల పాప పేరు కూడా ఉన్నాయి, నాది లేదు. ఎంత ప్రార్థించినా ఏడుపు ఆగడం లేదు. విశ్వాసం ఉంటే పాతవి మరచిపోవాలని సంఘంలో అంటున్నారు. నాది విశ్వాసలోపమా? వెళ్లి నాన్న కాళ్లు పట్టుకోమంటారా?
— ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: సోదరీ, మరచిపొమ్మని చెప్పినవారు బైబిల్లోని యోసేపు చరిత్రను ఒకసారి నిదానంగా చదవాలి. 17 ఏళ్ల వయసులో అన్నల చేతనే 20 తులముల వెండికి అమ్ముడుపోయిన ఆయన, ఐగుప్తులో (ఈజిప్టులో) అధికారి అయ్యాక, తన తండ్రి ఇంటివారిని దేవుడు మరపింపజేశాడని చెప్పి పెద్దకొడుకుకు మరపు అనే అర్థం వచ్చేలా మనష్షే అని పేరు పెట్టుకున్నాడు (ఆదికాండము 41:51). తీరా కరవుకాలంలో ఆ అన్నలే ధాన్యం కోసం వచ్చి ఎదుట నిలబడగా, పక్కకు వెళ్లి ఏడ్చాడు. రెండోసారి వారు వచ్చినప్పుడు లోపలి గదిలోకి వెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని బయటికి వచ్చాడు. ఇంట్లో రోజూ ‘మరపు’ అని కొడుకును పిలుచుకున్న మనిషికే ఆ ఏడుపు తప్పలేదు. ఆయనను ఎవరూ అవిశ్వాసి అనలేదు.

‘నా తలిదండ్రులు నన్ను విడిచినను యెహోవా నన్ను చేరదీయును’ అన్న 27వ కీర్తనలోని మాట కూడా, విడిచిపెట్టడమంటూ ఉంటుందని ఒప్పుకున్న తరువాతనే చేరదీయడం గురించి చెబుతోంది.

ఇక కాళ్లు పట్టుకోవడం సంగతి. ఇంట్లో చెప్పకుండా వెళ్లి వారిని నొప్పించి ఉంటే, అంతవరకు క్షమాపణ అడగండి. వేరే కులంవాడిని చేసుకోవడం పాపమన్నట్లు మాత్రం తల వంచకండి. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తినేవారు పెళ్లి దగ్గరకు వచ్చేసరికి కులం అడగడం మన సంఘాలకు పట్టిన పాత జబ్బు, దానికి మీరు మందు వేయకపోయినా మేత వేయవద్దు. యోసేపు సైతం అన్నలను చూసిన రోజే తానెవరో చెప్పలేదు. తమ్ముడు బెన్యామీను బదులు తాను దాసుడిగా ఉంటానని ఆ అన్నల్లో ఒకడైన యూదా ముందుకు వచ్చేదాకా వేచి చూశాడు. అయితే ఈలోగా వారిని ఆకలితో పంపలేదు, గోనెలు నింపి, ఇచ్చిన రూకలు కూడా అందులోనే పెట్టించాడు. క్షమించడానికి ఎదుటివారి అనుమతి అక్కరలేదు, కలిసిపోవడానికి మాత్రం రెండువైపులా మనసు కావాలి. ఎవరైనా బెదిరించి ఉంటే ఒంటరిగా అసలు వెళ్లకండి.

యోసేపు తన పేరు చెప్పిన వెంటనే అడిగింది, తండ్రి ఇంకా బ్రతికే ఉన్నాడా అని. మీరూ పెళ్లి ప్రస్తావన లేకుండా, అమ్మ ఆరోగ్యం ఎలా ఉందో అడుగుతూ నాలుగు వాక్యాల ఉత్తరం రాసి, మేనమామ వంటి పెద్దవారి చేతికి ఇచ్చి పంపండి. జవాబు రాకపోతే క్రిస్మస్‌కు మరొకటి రాయండి.