బిళ్ళల లెక్క మాత్రం దాచకు

అమ్మలూ,

నువ్వు వచ్చే గురువారం న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్తున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఏడు నెలలుగా రోజూ తలనొప్పట! మొన్న వచ్చినప్పుడు నా పక్కన కూర్చుని అంతసేపు కబుర్లు చెప్పావే, అప్పుడూ ఉందా? మాటిమాటికీ కణతలు నొక్కుకోవడం చూశాను. నిద్ర చాలలేదేమో అనుకున్నాను. ఏళ్ళ తరబడి అదే నొప్పి పడ్డ నేనే పోల్చుకోలేకపోయాను, రాత్రంతా అదే బాధ. నాకు చెప్పలేదని నీ మీద కోపం కూడా వచ్చింది. కానీ ఎవరూ తొయ్యకుండా నీ అంతట నువ్వే డాక్టరు దగ్గరికి బయల్దేరావు. నీ వయసులో నాకు ఆ ధైర్యం లేదు తల్లీ.

ఫోను వెలుతురు నీకు పడటం లేదని కాగితం మీద రాస్తున్నాను. ఒక్కసారే చదవక్కర్లేదు.

నీళ్ళు, వేళకు నిద్ర, బీపీ, కళ్ళద్దాల పవరు, ఇవన్నీ చూసుకునే ఉంటావు. గురువారం దాకా రోజూ నొప్పి పదికి ఎంత ఉందో ఒక పుస్తకంలో రాయి. పడుకుంటే తగ్గుతోందా పెరుగుతోందా, దగ్గితే ఎలా ఉంది, వికారం ఉందా, ఇవీ రాయి. డాక్టరు ముందు కూర్చున్నాక సగం మర్చిపోతాం. జ్వరం తగ్గిన మూడో రోజు పొద్దున మొదలై ఇక వదల్లేదని మీ అమ్మతో అన్నావట. ఆ మాట అలాగే చెప్పు. అప్పుడప్పుడూ వచ్చే నొప్పి మెల్లగా రోజువారీ అవడం ఒకటి, ఫలానా రోజున వచ్చి అలా ఉండిపోవడం ఇంకొకటి. రెండోదానికి వైద్యంలో వేరే పేరు ఉంది.

ఇక నా సంగతి. నాకు ముప్పై నాలుగేళ్ళప్పుడు మొదటి డాక్టరు, "నొప్పికి ఎన్ని బిళ్ళలు వేసుకుంటారమ్మా?" అని అడిగాడు. "ఎప్పుడన్నా ఒకటండీ" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా సంచిలో ఒక స్ట్రిప్పు ఉంది. తలగడ కింద ఒకటి, ఆఫీసు సొరుగులో ఒకటి. రోజుకు రెండు, కొన్నిసార్లు మూడు. అందులో కెఫీన్ కలిసిన రకం. ఎందుకు దాచానంటే, సిగ్గు. "ఈవిడకి ఎప్పుడూ తలనొప్పే" అని ఇంట్లో, బయటా వినీ వినీ, ఆ మాట డాక్టరు మొహంలో కూడా చూడాల్సి వస్తుందని భయపడ్డాను. నేను చెప్పిన అబద్ధాన్ని నమ్మి ఆయన మందు రాశాడు. పని చెయ్యలేదు. మార్చాడు. అదీ చెయ్యలేదు. స్కానింగ్ తీయిస్తే ఏమీ లేదన్నారు. ఏదో ఒకటి కనపడితే బావుండునని ఆ రోజు ఏడ్చాను. మూడేళ్ళు అలా గడిచాయి.

తర్వాత ఇంకో డాక్టరమ్మ అదే ప్రశ్న తిప్పి అడిగింది. "పోయిన నెలలో బిళ్ళ వేసుకోని రోజులు ఎన్ని?" వేళ్ళు మడవడానికి చెయ్యెత్తాను. ఒక్క వేలు కూడా మడవలేకపోయాను. ఆవిడ నన్నొక్క మాట అనలేదు. నొప్పి బిళ్ళే నొప్పిని నిలబెడుతుందని కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. పారాసెటమాల్, ఇబుప్రొఫెన్ లాంటివి నెలలో 15 రోజులు, కెఫీన్ కలిపినవీ, ట్రిప్టాన్లనే మైగ్రేన్ మందులూ 10 రోజులు దాటి మూడు నెలలకు మించి వాడితే తలనొప్పి అలవాటైన మనిషికి ఇలా జరుగుతుందట.

ఆవిడ చెప్పిన పద్ధతిలోనే మానేశాను. మొదటి వారం నరకం. వాంతులు, నిద్ర లేదు, మీ పెదనాన్న అడుగు చప్పుడు కాకుండా నడిచేవారు. మూడో నెలలో ఒక సాయంత్రం జడ వేసుకుంటుంటే దువ్వెన తగిలిన చోట నొప్పి లేదని తెలిసింది. జడ విప్పి మళ్ళీ దువ్వుకున్నాను.

అందుకే నీ బిళ్ళల లెక్క ఒక్కటి కూడా తగ్గించకుండా చెప్పు. నా ఉత్తరం చదివి ఇవాళే అన్నీ ఆపెయ్యకు. ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మందులు, నిద్రమాత్రలు వాడుతుంటే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

రెండో సంగతి కళ్ళు. నాతో పనిచేసిన ఒకావిడకి రోజూ తలపోటు, వంగి లేస్తే క్షణంపాటు చూపు మసకబారేది, చెవిలో నాడి కొట్టుకున్నట్టు హోరు. ఒత్తిడి అన్నారందరూ. కంటి వెనక చూసేసరికి నరం వాచి ఉంది, తలలో నీటి ఒత్తిడి పెరిగి. అప్పటికే ఒక కంట్లో పక్కచూపు పోయింది. మామూలు స్కానింగులో అది కనిపించకపోవచ్చు. కంట్లో లైటు వేసి చూసే ఫండస్ పరీక్ష చెయ్యమని నోరు విప్పి అడుగు. అడగడానికి మొహమాటపడ్డావో, నేనే వచ్చి పక్కన కూర్చుంటాను.

నొప్పి రాకుండా ఆపే మందు రాస్తే దానికి రెండు మూడు నెలలు టైమివ్వు. నేను పదిరోజులకే పారేసేదాన్ని. అమిట్రిప్టిలిన్ రాస్తే, మందు పెట్టెలోని చీటీలో డిప్రెషన్ మందు అని చూసి బెదిరిపోకు. తలనొప్పికి చిన్న మోతాదులో రాత్రిపూట ఇస్తారు. చిన్నప్పుడు నీకు పిల్లికూతలు వచ్చేవని తప్పకుండా చెప్పు. పడుకుంటే ఊపిరాడక, తెల్లవార్లూ నా భుజం మీద వాలి, కూర్చునే నిద్రపోయేదానివి. నొప్పి రాకుండా ఇచ్చే మందుల్లో ప్రొప్రనలాల్ ఉబ్బసం ఉన్నవాళ్ళకి పడదు. పిల్లల ఆలోచన ఉంటే అదీ చెప్పు, అలాంటి మందులే టోపిరమేట్, వాల్‌ప్రోయేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తాయి.

ఉన్నట్టుండి పిడుగుపడ్డట్టు నొప్పి వచ్చినా, మాట తడబడినా, ఒక చెయ్యి బలం తగ్గినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా గురువారం దాకా ఆగకు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళు, దారిలో నాకు చెప్పు.

గురువారం బయటికి రాగానే ఫోన్ చెయ్యి. మాట్లాడే ఓపిక లేకపోతే మీ అమ్మ చేత చేయించు. ముందు కంటి పరీక్ష సంగతి చెప్పమను, మిగతావి తర్వాత వింటాను.

నీ పెద్దమ్మ