టెక్ సందేహాలు: బడి పిల్లల చేతికి బ్యాండ్లు, వివరాలు ఎవరి చేతికి?

“మా బాబు ఆరో తరగతి. పిల్లలందరికీ ఫిట్‌నెస్ బ్యాండ్ కొనమని బడివాళ్లు చెప్పారు. రోజుకు పదివేల అడుగులు వేయాలట, ఎవరివి ఎన్నో ప్రతి శనివారం తరగతి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. మావాడు రోజూ గంటసేపు సైకిల్ తొక్కుతాడు, అయినా చివరి నుంచి రెండోవాడు. బ్యాండ్ పాడైందా? మంచిది ఏది కొనాలి?” అని ఖమ్మం నుంచి ఒక అమ్మ రాశారు. బడులు తెరిచినప్పటి నుంచి ఇదే ప్రశ్న వస్తూనే ఉంది, అందుకే ఈ వారం మిగతావి పక్కన పెట్టాను.

బ్యాండ్ పాడవలేదమ్మా, కొత్తది కొనకండి. అందులో ఉండేది కుదుపును మూడు దిక్కుల్లో కొలిచే యాక్సెలరోమీటర్ చిప్. చెయ్యి ఊగే తీరు నడకలా కనిపిస్తే అడుగు అని రాసుకుంటుంది. సైకిల్ మీద కాళ్లు కష్టపడతాయి, చేతులు హ్యాండిల్ పట్టుకుని కదలకుండా ఉంటాయి, ఇక దానికి తెలిసేదేముంది? మా ఇంట్లో పాప ఊయల తాడుకు ఒక బ్యాండ్ కట్టి చూశాను. పాప నిద్రపోయేలోపు నాలుగొందల పైచిలుకు అడుగులు పడ్డాయి. పిల్లలు ఈ కిటుకు మనకంటే ముందే కనిపెట్టేశారు, మీ గ్రూపులో మొదటి స్థానాల్లో ఉన్నవాళ్లంతా నడిచే వచ్చారని అనుకోకండి.

ఆ పదివేలు కూడా పిల్లల కోసం పుట్టిన లెక్క కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాతి ఏడాది జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరుకే ‘పదివేల అడుగుల మీటరు’ అని అర్థం, అలా ఆ అంకె లోకమంతా పాకింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలో 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు అడుగుల ఊసే లేదు. వారం మొత్తం మీద సగటున రోజుకు 60 నిమిషాలు, ఊపిరి వేగం పెరిగేంత జోరుగా కదలాలి అంది. మీవాడి సైకిల్ గంట గట్టిగా తొక్కిందైతే దాదాపు ఆ లెక్కకు సరిపోతుంది.

ఇంకో సంగతి. పిల్లల ఆట పెద్దల నడకలా ఏకధాటిగా సాగదు. అమెరికాలో 6 నుంచి 10 ఏళ్ల పిల్లల్ని దగ్గరుండి గమనించి 1995లో ప్రచురించిన అధ్యయనంలో, బాగా జోరుగా కదిలిన ఒక్కో సందర్భం మధ్యస్థ నిడివి 3 సెకన్లే, అంటే సగం సార్లు అంతకు మించలేదు. ఖోఖో గుర్తు చేసుకోండి, వరుసలో కూర్చున్న పిల్ల వీపు మీద ‘ఖో’ పడగానే లేచి బాణంలా పరిగెడుతుంది, మళ్లీ కూర్చుంటుంది. నిమిషానికి ఒక సగటు తీసే యాప్‌లో ఆ పరుగు కూర్చున్న సమయంలో కలిసిపోయి ‘తేలికపాటి కదలిక’ అయిపోతుంది. అందుకే పరిశోధకులు పరికరాన్ని ఎక్కువగా నడుముకు కట్టి, 15 సెకన్లకో అంతకంటే తక్కువకో ఒక లెక్క తీసి, వారం రోజులు చూస్తారు. ఇక కబడ్డీ అంటే, గీసుకుంటుందని పీఈటీ సారు బ్యాండ్లన్నీ తీయించి బల్ల మీద పెట్టిస్తారు. పిల్లాడు రోజు మొత్తంలో ఎక్కువ చెమటోడ్చిన ఆ నలభై నిమిషాలు యాప్‌లో సున్నా.

ఇదంతా ఒక ఎత్తు. ఆవిడ పంపిన స్క్రీన్‌షాట్ చూశాక నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. బాబు ఫొటో, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, పుట్టిన తేదీ, తరగతి, కింద మ్యాప్ మీద ఎర్రగీత. ఇంటి నుంచి బడికి, బడి నుంచి ట్యూషన్‌కి, సందు మలుపులతో సహా, ఏ టైముకి ఎక్కడ ఉన్నాడో. బడివాళ్లు పిల్లలందరినీ ఒకే ఖాతాకి కలిపారు, దాని పాస్‌వర్డ్ టీచర్ల గ్రూపులో మెసేజ్‌గా పడి ఉందట. నిరుడు ఉద్యోగం మానేసినవాళ్లు కూడా దాన్ని ఇవాళ తెరవగలరు. పిల్లాడు ఒంటరిగా నడిచే దారి, నడిచే సమయం ఇన్ని చేతుల్లో ఉంటే ఆ తల్లికి నిద్ర ఎలా పడుతుంది? ఒక పరుగుల యాప్ ప్రపంచ పటం మీద వేసిన గీతల్లో సైనిక స్థావరాల ఆనవాళ్లు దొరికాయని 2018 జనవరిలో గొడవైంది. సైనికుల దారులే బయటపడినప్పుడు మన పిల్లలవి ఎంత? సిమ్ పెట్టే పిల్లల వాచీలతో ఇంకా ప్రమాదం. దూరం నుంచి పిల్లల చుట్టుపక్కల మాటలు వినే వీలున్న వాచీలను జర్మనీ 2017లోనే నిషేధించింది.

ఈ యాప్‌లు తయారు చేసేవాళ్ల మీద నాకు పీకల దాకా కోపం ఉంది. అడుగులు లెక్కపెట్టడానికి లొకేషన్ ఎందుకు? ఒకప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్ బ్లూటూత్‌తో బ్యాండ్‌ని వెతకాలంటే లొకేషన్ అనుమతే కావాల్సి వచ్చేది. ఆండ్రాయిడ్ 12లో ఇలా దగ్గరి పరికరాలకు జత కావడానికి విడిగా అనుమతి వచ్చింది, అయినా లొకేషన్ ఇవ్వకపోతే ముందుకు కదలని యాప్‌లు ఇంకా ఉన్నాయి. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ప్రొఫైల్‌ని మళ్లీ ‘అందరికీ కనిపించు’ అని మార్చేసేవీ ఉన్నాయి. అది పొరపాటని నేను అనుకోను. మీరు ఇప్పుడే ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి లొకేషన్ తీసేయండి, బాబు పేరు బదులు ఏదో ముద్దుపేరు పెట్టండి, ఫొటో తీసేయండి, పుట్టిన తేదీలో సంవత్సరం తప్ప మిగతాది మార్చండి.

బడికి ఒక ఉత్తరం కూడా రాయండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల రుజువైన అనుమతి కావాలి. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, అమలుకు దశలవారీగా గడువు ఇచ్చారు. చదువు పనులకు, భద్రతకు బడులకు కొంత వెసులుబాటు ఉంది. పిల్లల అడుగుల పట్టిక గ్రూపులో పెట్టడం అందులో దేని కిందికి వస్తుందో రాతపూర్వకంగా చెప్పమనండి.

నిజంగా కొలవాలనుకుంటే పీఈటీ సారుకి బ్యాండ్లు అక్కర్లేదు. ఆటల పీరియడ్‌లో నలుగురు పిల్లల్ని ఎంచుకుని 20 సెకన్లకు ఒకసారి చూసి కూర్చున్నారా, నిలబడ్డారా, నడుస్తున్నారా, పరిగెడుతున్నారా అని నోటుబుక్కులో గీతలు పెట్టుకోవచ్చు, పరిశోధకులు దశాబ్దాలుగా వాడుతున్న పద్ధతే అది. మొదటి వారంలోనే తెలిసిపోతుంది, పిల్లలు ఎక్కువసేపు తమ వంతు కోసం లైన్లో నిలబడే ఉన్నారని. అసలు ఆ పీరియడ్‌ని లెక్కల సారు తీసేసుకోకుండా ఉంటేనే కదా! గ్రౌండ్ లేని బడి, పరీక్షలకు రెండు నెలల ముందే ఆటలు ఆపేసే బడి అడుగులు తగ్గాయని పిల్లాడి పేరు గ్రూపులో పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

“పాత పిల్లల వాచీ అమ్మేయొచ్చా?” అని గుంటూరు నుంచి ఒకాయన అడిగారు. అమ్మొచ్చు. కానీ ఫోన్లో యాప్ తీసేస్తే సరిపోదు, ముందు ఖాతానే తొలగించి, వాచీని ఫ్యాక్టరీ రీసెట్ చేసి (అంటే లోపలి వివరాలన్నీ చెరిపేసి), సిమ్ తీసి ఇవ్వండి. నేను పరీక్ష కోసం కొన్న సెకండ్ హ్యాండ్ వాచీ ఛార్జింగ్ పెట్టగానే లేచింది, అందులో అమ్మ, నాన్న, తాతయ్య అని మూడు నంబర్లు అలాగే ఉన్నాయి.